లేని నొప్పికి మార్కులు

మిర్యాలగూడ,
జనవరి 12.

పిట్టా,

నీ ఉత్తరం బీరన్న నిన్న మాపటికి ఇచ్చాడు. మన గల్లీవాడే కండక్టర్ కావడం మంచిదైంది. టికెట్ల సంచిలోంచి తీసి నా చేతిలో పెడుతూ, "అక్కా, నీ బిడ్డ కాడ ఫోన్ లేదా? నా బస్సును పోస్టాఫీసు జేసిన్రు గదా తల్లీబిడ్డలు" అన్నాడు. "ఉన్నది తమ్మీ, నాకే పడదు" అన్నాను.

ఉత్తరం అంటే పుస్తకంలో ఉన్నట్టు రాయాలని ఐదో తరగతిలో మా సారు చెప్పాడు. ఆ తర్వాత నేను బడికి పోలేదు కాబట్టి నాకు ఆ మాటే ఆఖరి మాట. అందుకే ఇట్లా రాస్తున్నాను. నడుమ నడుమ నా మాట దూరితే సర్దుకో.

మీ మెడికల్ కాలేజీలో కొత్త డిగ్రీ పెట్టబోతున్నారని రాశావు. అంబులెన్సులో, ఎమర్జెన్సీ వార్డులో పనిచేసే పిల్లలకట. అసలు రోగుల మీద చెయ్యి వేసే ముందు ఉత్తుత్తి రోగుల మీద నేర్చుకోవాలట. లేని రోగం ఉన్నట్టు పడుకోవాలి, వస్తావా అమ్మా అని అడిగావు. పడుకోవడానికి మనుషులను పిలిచే కాలేజీ ఉందంటే మన బియ్యం మిల్లులో ఎవరూ నమ్మలేదు. యాదమ్మ అయితే కడుపు పట్టుకుని నవ్వింది. "శాంతక్కా, పని ఎగ్గొట్టనీకి రోగం నటించుడు సూసినం గని, రోగం నటించుడే పని అనుడు గిప్పుడే ఇంటున్నం" అన్నది.

వస్తాను. కాని కొన్ని సంగతులు ముందే చెప్పు. సూదులు వేస్తారా? మందులు మింగిస్తారా? మంచి చీర కట్టుకోవాలా, లేక రోగానికి తగ్గట్టు పాతది కట్టుకోవాలా?

ఇంకొక మాట. నీ ఉత్తరం చివర "తిన్నావా అమ్మా" అని రాశావు. అది రాయకు. మీ అన్న పోయిన నాటి నుంచి ఆ మాట నాకు పడదు. ఎందుకో నీకు తెలుసు.

మీ అమ్మ,
శాంతకుమారి


సూర్యాపేట,
జనవరి 20.

అమ్మకు,

పిట్ట నమస్కారాలు. నువ్వు వస్తానన్నందుకు మా విభాగంలో నలుగురమూ చాయ్ తెప్పించుకుని తాగాం.

సూదులు వెయ్యరు. మందులు మింగించరు. చీర నీ ఇష్టం, కాని బీపీ చూడటానికి వీలుగా జాకెట్టు చేతులు వదులుగా ఉండాలి.

నీ బిడ్డ ఏం పని చేస్తుందని మిల్లులో అడిగితే ఇట్లా చెప్పు. డాక్టర్లకు వైద్యం వచ్చు. వైద్యం వచ్చినంత మాత్రాన పాఠం చెప్పడం రాదు కదా. పాఠం ఎట్లా చెప్పాలి, పరీక్ష ఎట్లా పెట్టాలి అనే దాంట్లో వాళ్ళకు సాయం చేసేవాళ్ళం మేము. ఇప్పుడు ఈ కొత్త డిగ్రీకి ఏ నెలలో ఏ పాఠం, ఎన్ని గంటలు, దేనికి ఎన్ని మార్కులు, అన్నీ మేమే రాస్తున్నాం. ఏప్రిల్ 25న యూనివర్సిటీ నుంచి తనిఖీకి వస్తారు. వాళ్ళు సరేనంటే ఆగస్టులో క్లాసులు మొదలవుతాయి. అందాకా మా దగ్గర చదువుతున్న డిప్లొమా పిల్లలు తొమ్మిది మంది మీద ప్రతి పాఠమూ ఒకసారి నడిపి చూస్తున్నాం. మా పెద్ద ప్రభాకర్ సార్. మంచివారే, కాని కాగితంలో లేనిది జరిగితే ఆయనకు నిద్ర పట్టదు.

నీ రోగం కాగితం దీంతో పెట్టాను. ఛాతీలో నొప్పి, గంట నుంచి. ఎడమ చెయ్యి లాగుతోంది. చెమటలు పట్టాయి. ఒకటే నియమం: వాళ్ళు అడిగిందానికే జవాబు చెప్పాలి. అడగనిది చెప్పకూడదు. అది నీకు కష్టమని తెలుసు.

చివర ఏమీ రాయడం లేదు, చూసుకో.

పిట్ట


మిర్యాలగూడ,
ఫిబ్రవరి 4.

పిట్టా,

నువ్వు పంపిన రోగం నాకు బాగా కుదిరింది. బస్సులో కాగితం నాలుగుసార్లు చదివేసరికి నిజంగానే ఎడమ చెయ్యి లాగినట్టయింది. బీరన్నతో అంటే పాపం బెదిరిపోయి, "అక్కా, బస్సు దవాఖానకే మలుపమని జెప్పనా?" అన్నాడు. "ఆడికే పోతున్న గద తమ్మీ" అన్నాను.

నిన్న మీ కాలేజీలో జరిగింది నువ్వు గోడకున్న పెద్ద అద్దం అవతల నుంచి చూశావు. అయినా మంచం మీద నుంచి ఎట్లా కనబడిందో రాస్తాను.

మొదట వచ్చిన పిల్లవాడు నా పేరు కూడా అడగలేదు. మణికట్టు పట్టుకుని గోడ మీది గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపని మూలుగుతాను? "అయ్యా, నేను గీడ మంచం మీద ఉన్న, గోడ మీద లేను" అన్నాను. ఉలిక్కిపడి చెయ్యి వదిలేశాడు.

తర్వాత జమ్లీ అనే తండా పిల్ల వచ్చింది. రోగం నాకైతే చెయ్యి చల్లబడింది ఆ పిల్లకు. "ఏమైందమ్మా?" అని అడిగి, ఆ తర్వాత ఏం అడగాలో మరిచిపోయి నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నీ నియమం నాకు గుర్తుంది. కాని ఆ ముఖం చూస్తే ఉండబట్టలేదు. మెల్లగా, "సెమటలు పట్టినయా అని అడుగు బిడ్డా" అన్నాను. అడిగింది. "పట్టినయి. ఇగ నొప్పి ఏ దిక్కు గుంజుతుందో అడుగు" అన్నాను. అదీ అడిగింది. ఇద్దరం కలిసి నా రోగం కనిపెట్టాం.

మార్కులు వెయ్యమని కాగితమిస్తే అందరికీ పదికి పది వేశాను. గడియారం పిల్లవాడికి కూడా. వాడి చొక్కాకు గుండీ ఊడి ఉంది. హాస్టల్లో ఉంటాడేమో, చూసేవాళ్ళు లేరేమో అనిపించింది. మీ ప్రభాకర్ సార్ ఆ కాగితం చూసి తల పట్టుకున్నాడు. "అమ్మా, మీరు పేషెంటు. పాఠం చెప్పేది మేము" అన్నాడు. "నొప్పి నాది గద సారూ, నాకు తెల్వదా?" అన్నాను. అద్దం అవతల నువ్వు నవ్వడం వినబడింది. నీ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

అంతా అయినాక నువ్వు బయటికి వచ్చి, "గదికి పోదాం రా అమ్మా, వంట చేసి పెట్టిన" అన్నావు. బస్సు దొరకదని చెప్పి వచ్చేశాను. బస్సులు ఉన్నాయి. అది నీకూ తెలుసు.

మీ అమ్మ


సూర్యాపేట,
ఫిబ్రవరి 16.

అమ్మకు,

ప్రభాకర్ సార్ రెండు రోజులు నీ మార్కుల కాగితం బల్ల మీదే పెట్టుకుని కూర్చున్నారు. మూడో రోజు నన్ను పిలిచి, "మీ అమ్మ వేసిన మార్కులు తప్పు. కాని మన కాగితం కూడా తప్పే" అన్నారు. అందులో అన్నీ మేము చూసే సంగతులేనట. మంచం మీద ఉన్న మనిషి మాత్రమే చెప్పగలిగేది ఒక్కటీ లేదట. ఇప్పుడు చివర ఒక వరస కొత్తగా చేర్చాం: "మీ ఇంటివాళ్ళకు బాగాలేకపోతే ఈ అబ్బాయి చేతికి, ఈ అమ్మాయి చేతికి అప్పగిస్తారా?" దానికి మార్కులు రోగి వేషంలో ఉన్నవాళ్ళే వెయ్యాలి. నీ వల్ల డిగ్రీలో ఒక వరస పెరిగింది. మిల్లులో చెప్పుకో.

గడియారం పిల్లవాడు గుండీ కుట్టించుకున్నాడు.

ఇంకొక సంగతి రాయాలి. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

వార్డులో మనిషి పోతే ఆ కబురు ఇంటివాళ్ళకు ఎట్లా చెప్పాలి అనేది కూడా ఒక పాఠం. డాక్టర్లు చాలామంది ఆ పని తప్పించుకుంటారు. చివరికి అంబులెన్సులో వచ్చిన పిల్లల మీదే పడుతుంది. అందుకని మా డిగ్రీలో ఆ పాఠానికి పన్నెండు గంటలు పెట్టాం. పాఠం మొదలుపెట్టామో లేదో, జమ్లీ చెయ్యెత్తింది. "మేడం, మా తండల ఎవలన్న పోతే, ఇంటోళ్ళకు ముందుగాల అన్నం పెడ్తరు. తిన్నంక జెప్తరు. జెప్పినంక ఇగ వాళ్ళు తినరు, ఆ ఇంట్ల పొయ్యి ఎలగదు. గది తప్పా మేడం? మార్కులు కొట్టేస్తరా?"

మా దిక్కు కూడా అంతే మేడం, మా ఊళ్ళో కూడా అంతే అని తొమ్మిది మందిలో ఏడుగురు చెప్పారు. మేము చూసి రాసుకున్న పెద్ద పెద్ద పుస్తకాల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. ప్రభాకర్ సార్ నావైపు తిరిగి, "నువ్వు ఈ దిక్కు పిల్లవే కదా మనస్వినీ, జవాబు నువ్వు రాయి" అన్నారు. వారమైంది. కాగితం తెల్లగానే ఉంది.

ఆ పాఠానికి, కొడుకు పోయాడనే కబురు వినే తల్లిగా కూర్చోవడానికి ఒకామె కావాలి. నిన్ను అడగడం లేదమ్మా. అడగడం లేదని చెప్పడానికే రాస్తున్నాను.

పిట్ట


మిర్యాలగూడ,
మార్చి 5.

పిట్టా,

నేను రాను. నువ్వు అడగలేదు కాబట్టి కాదన్నట్టు కూడా కాదు.

కాని నువ్వు రాసింది చదివినాక మిల్లులో బియ్యం చెరుగుతుంటే చేట చేతిలో ఆగిపోతోంది. ఏడాది కావస్తోంది. మనం ఒక్కసారి కూడా ఆ రోజు మాట ఎత్తలేదు. నోటితో అయితే నా వల్ల కాదు. కాగితం మీద అడుగుతున్నాను.

పెద్దమ్మ కంటి ఆపరేషన్ అని మనిద్దరం కోదాడ పోయాం. పొద్దున నీ ఫోన్ మూడుసార్లు మోగింది. మూడుసార్లూ నువ్వు పెరట్లోకి పోయి మాట్లాడి వచ్చావు. ఎవరే అంటే ఆఫీసు అన్నావు. పదకొండు కూడా కాలేదు, మీ పెద్దమ్మ కంటికి కట్టుతోనే లేచి, "శాంతా, ముందు అన్నం తినవే, పొద్దెక్కుతోంది" అని పీట వేసింది. నువ్వు వడ్డించావు. చింతచిగురు పప్పు. నేను రెండోసారి పెట్టించుకున్నాను. బాగా చేశావని మెచ్చుకున్నాను. నువ్వు గరిటె జారవిడిస్తే గిన్నె కాలిందా అని అడిగాను.

నేను చెయ్యి కడుక్కున్నాక మీ పెద్దమ్మ చెప్పింది. మేళ్లచెరువు దాటినాక మీ అన్న పోతున్న సిమెంటు లారీ బోల్తా పడిందని, ప్రభుదాసు దవాఖానకు చేరకముందే పోయాడని. నేను రెండోసారి పప్పు వేసుకునేటప్పటికి నా కొడుకు పోయి మూడు గంటలు.

ఏ తల్లయినా అట్లా తింటుందా పిట్టా? వేళ్ళు నాకాను నేను. ఆ రోజు నుంచి ఎవరైనా తిన్నావా అని అడిగితే, తిను తిను అని బలవంతం చేస్తే, ఇంకెవరు పోయారో అని గుండె జారుతుంది. ఫోన్ మోగినా అంతే.

ఒక్కటే చెప్పు. వడ్డించేటప్పుడు నీకు తెలుసా?

మీ అమ్మ


సూర్యాపేట,
మార్చి 14.

అమ్మా,

తెలుసు.

మొదటి ఫోన్ అన్నతో పనిచేసే సైదులు చేశాడు. దెబ్బలు తగిలాయన్నాడు. మూడోసారి చేసినప్పుడు అయిపోయిందన్నాడు. పెరట్లో తులసి కుండీ పట్టుకుని నిలబడ్డాను. పెద్దమ్మ వచ్చి నా నోరు మూసి, "అరవకే. దాన్ని ముందు ఓ ముద్ద తిననియ్యి. తర్వాత అది ఎన్నాళ్ళకు తింటుందో ఏమో" అన్నది.  ఆమె చెప్పినట్టు చేశాను.

నువ్వు రెండో ముద్ద కలుపుకుంటున్నప్పుడు చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడే పప్పు బాగుంది పిట్టా అన్నావు. ఇక రెండోసారి వడ్డించాను.

అన్న నీకెంతో నాకంత కాదంటారు ఎవరైనా. ఒకే ప్లేటులో తిని పెరిగాం. కాని నాకు ఆ రోజు వాడు పోయిన దుఃఖం కంటే నీకు వడ్డించిన దుఃఖమే ఎక్కువ గుర్తుంది. అందుకు సిగ్గుగా కూడా ఉంది. అన్ని పాఠాలున్న ఈ చదువుల్లో, ఒక మనిషికి ఎదురుగా కూర్చుని ఆ మాట ఎట్లా చెప్పాలో నాకు ఎవరూ నేర్పలేదు. పన్నెండు గంటలు ఎందుకు, రెండు గంటలు చాలు కదా అని కాలేజీలో అందరూ అన్నారు. నేనే పట్టుబట్టి పెట్టించాను.

ఇక నిన్ను ఏ పాఠానికీ పిలవను. ఏప్రిల్ 2, 3 తారీకుల్లో కాగితాలు ఇవ్వడానికి హైదరాబాద్ పోతున్నాను. ఆ రెండు రోజులు బీరన్నకు ఉత్తరం ఇవ్వకు, తీసుకునేవాళ్ళు ఉండరు.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. కాని రాయడం మానకు.

పిట్ట


మిర్యాలగూడ,
ఏప్రిల్ 6.

పిట్టా,

ముందు తిట్లు. హైదరాబాద్ పోయేదానివి గది తాళంచెవి కిటికీలో పెట్టి పోతావా? ఎవడైనా వస్తే?

నాకెట్లా తెలుసంటావా? నీ గదికి పోయాను కాబట్టి. ఏప్రిల్ 2న నేను సూర్యాపేట వచ్చాను. నువ్వు అద్దం అవతల ఉంటే నా వల్ల కాదు. అందుకే నువ్వు లేని రోజు చూసుకుని వచ్చాను. ప్రభాకర్ సార్‌కు బీరన్న ఫోన్ నుంచి నేనే చేశాను. ఫోన్ నేనే చెవికి పెట్టుకున్నాను, చూడు. "అమ్మా, కాగితంలో లేదే" అన్నాడు ఆయన. "కాగితం నేను తెస్త సారూ, గా తల్లి ఏసం నేనే కడ్త" అన్నాను.

తొమ్మిది మందీ ఒకరి తర్వాత ఒకరు వచ్చి నాకు కబురు చెప్పారు. ఒకడు సినిమాలో డాక్టర్ లాగా కళ్ళద్దాలు తీసి, తల అడ్డంగా ఊపి, గోడవైపు తిరిగాడు. నాకు నవ్వొచ్చింది, ఏం చెయ్యను? "అయ్యా, గోడకు జెప్తున్నవా నాకు జెప్తున్నవా?" అన్నాను. ఇంకొకామె అంతా ఇంగ్లీషులో చెప్పి చేతులు కట్టుకుంది. "బిడ్డా, ఇంతకు ఉన్నడా, పోయిండా?" అని అడిగాను. మన గడియారం పిల్లవాడు మాత్రం ఈసారి గడియారం వైపు చూడలేదు. వాడికి మంచి మార్కులు వేశాను, న్యాయంగానే వేశాను.

ఆఖరున జమ్లీ వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు. నేను కింద కూర్చుంటే తనూ కింద కూర్చుంది. "అమ్మా, నీ కొడుకు పేరేంది?" అని అడిగింది. మీ కాగితంలో వేరే పేరుంది. నా నోట్లోంచి ప్రభుదాసు అని వచ్చింది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, సుత్తి లేకుండా, "అమ్మా, ప్రభుదాసు సచ్చిపోయిండమ్మా. బతికిద్దామని మస్తు సూసినం, మాతోని కాలే" అన్నది. అని, లేచిపోకుండా అక్కడే కూర్చుంది. నేను ఏడ్చాను పిట్టా. నటన కాదు. కోదాడలో ఏడవాల్సిన ఏడుపు. అప్పుడు కడుపులో అన్నం బరువుగా ఉండి ఏడుపు సరిగ్గా రాలేదు నాకు.

కాసేపైనాక ఆ పిల్ల నీళ్ళు తెచ్చింది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టింది. వద్దన్నాను. "మంచిది అమ్మా, జరసేపైనంక మల్ల అడుగుత" అని తన ఒళ్ళో పెట్టుకుంది. నిజంగానే జరసేపైనాక మళ్ళీ అడిగింది. తిన్నాను.

ఇగ నీ తెల్ల కాగితం మీద రాయడానికి జవాబు. క్లాసులో అందరి ముందు ప్రభాకర్ సార్ అడిగితే చెప్పాను, ఆయన బోర్డు మీద రాసుకున్నాడు. మన దిక్కు వాళ్ళు చేసేది చెడ్డ పని కాదు. ముందు చెప్పాలె, తర్వాత పెట్టాలె, అంతే. తినను అంటది. మళ్ళీ అడగాలె. మాపటికి అడగాలె. రేపు అడగాలె. మీ పెద్దమ్మది మంచి మనసే, వరస తప్పింది. ఒకటి మాత్రం నిజం. ఆ రోజు తిన్న అన్నమే నన్ను నాలుగు రోజులు నిలబెట్టింది. వాడిని పూడ్చడానికి బొందలగడ్డ దాకా నడిచానంటే ఆ ముద్దలే. ఆ సంగతి నేను ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదు.

క్లాసు అయినాక బస్సెక్కకుండా నీ గదికి పోయాను. తాళంచెవి కిటికీలో ఉంది. వంటింట్లో రెండు గిన్నెలు, ఒక ప్లేటు, బ్రెడ్డు పొట్లాలు, నూడిల్స్ పొట్లాలు. బియ్యం డబ్బాలో పురుగు. నేను వచ్చిన నాడు మాత్రం వంట చేశావన్నమాట. అప్పుడు నాకు తట్టింది. ఆ రోజు కోదాడలో నేను తిన్నాను. మీ పెద్దమ్మ కూడా నాతో కూర్చుని రెండు ముద్దలు తిన్నది. నువ్వు తినలేదు. కబురు తెలిసి, వడ్డించి, గిన్నె పట్టుకుని నిలబడ్డావు. తర్వాత నా చుట్టూ పదిమంది. నీకు ఎవరు చెప్పారు, నిన్ను ఎవరు కూర్చోబెట్టారు, నీకు ఎవరు ఒక ముద్ద కలిపి పెట్టారు? నా మీద నేను కోపం పెట్టుకుని, అది నీ మీద వేసి, ఏడాది నిన్ను అట్లాగే నిలబెట్టాను బిడ్డా.

పురుగు పట్టిన బియ్యం చెరిగి ఎండకు పెట్టి వచ్చాను. 25న తనిఖీకి వస్తాను. యూనివర్సిటీ వాళ్ళు ఈమె ఎక్కడ ట్రైనింగ్ అయింది అని అడిగితే, ఐదో తరగతి, మిర్యాలగూడ అని చెప్పు. ఆ రోజు నాకు బస్సు దొరకదు. నీ గదిలోనే ఉంటాను.

ఈ ఉత్తరంతో పాటు బీరన్న చేతికి స్టీలు డబ్బా ఇస్తున్నాను. మూత తెరవకుండా తెస్తానని ఒట్టేశాడు, అయినా తూచి చూసుకో. పప్పులో చింతచిగురు మిల్లు వెనక చెట్టుది, లేతగా ఉంది. నెయ్యి వేరే చిన్న సీసాలో ఉంది. ఎవరూ పోలేదు పిట్టా. ఏ కబురూ లేదు. ఊరికే పంపుతున్నాను. అన్నం వేడిగా వండుకుని, కూర్చుని, కడుపునిండా తిను.

మీ అమ్మ